ఎస్సిటలోప్రామ్ వాడుతూ ‘ఫోకస్’ క్యాప్సూల్స్ వేసుకోవచ్చా?

నిద్రలేని_కోడర్
అందరికీ నమస్తే. కొన్ని నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నాను, పొద్దున టిఫిన్ అయ్యాక ఒకటి. టెన్షన్ చాలా తగ్గింది, గుండె దడ పోయింది, ఆ విషయంలో మా డాక్టర్ గారికి దణ్ణం పెట్టాలి. కానీ బుర్ర మొద్దుబారినట్టు ఉంటోంది. కోడ్ రివ్యూలో రెండో ఫైలు తెరిచేసరికి మొదటి దాంట్లో ఏం చూశానో గుర్తుండట్లేదు. మీటింగులో మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది, మేనేజర్ నా మొహం వంక చూస్తూ కూర్చుంటున్నాడు.

మా టీమ్‌లో ఒకతను అమెరికా నుంచి తెప్పించుకున్న ‘ఫోకస్’ క్యాప్సూల్స్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. వెనకాల చిన్నక్షరాల్లో ఉన్నవి ఇవీ: బ్రాహ్మి సారం, అశ్వగంధ, గింకో, 5-హెచ్‌టీపీ, ఎల్-థియానిన్, కెఫీన్, మిరియాల సారం. ఏది ఎంతుందో మాత్రం రాయలేదు. అన్నీ కలిపి ‘ప్రొప్రయిటరీ బ్లెండ్ 900 మి.గ్రా.’ అని ఒకే అంకె. ఇంకా మొదలుపెట్టలేదు, సీలు కూడా తీయలేదు. నా మాత్రతో కలిపి వేసుకోవచ్చా? ఎవరైనా వాడారా?

జిమ్_బ్రో_కేపీహెచ్‌బీ
అన్నీ న్యాచురలే కదా బ్రో. అశ్వగంధ నేను ఏడాది నుంచి వేస్తున్నా, సూపర్. వేసేయ్.

మందులషాపు_మామ
తమ్ముడూ, నువ్వు యాంటీడిప్రెసెంట్ ఏదైనా వాడుతున్నావా?

జిమ్_బ్రో_కేపీహెచ్‌బీ
లేదు మామా.

మందులషాపు_మామ
మరి అతనడిగిందే అది కదయ్యా. ఆ డబ్బాలో ఉన్నవి మంచివా చెడ్డవా అని కాదు, ఒంట్లో ముందే ఒక మందు ఉన్నప్పుడు ఇవి వచ్చి దానితో ఏం చేస్తాయి అని. నీ అనుభవం దానికి పనికిరాదు.

పీజీ_డాక్టరమ్మ
సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇక్కడ చెప్పేది మీ డాక్టర్ చెప్పేదానికి బదులు కాదు, ఆయన్ని ఏమడగాలో తెలియడానికి.

ఆ జాబితాలో నాకు ముందు కనపడింది 5-హెచ్‌టీపీ. గ్రిఫోనియా అనే పశ్చిమ ఆఫ్రికా మొక్క గింజల నుంచి తీస్తారు. ఒంట్లోకి వెళ్లాక అది నేరుగా సెరొటోనిన్ అవుతుంది, అంటే మెదడులో మూడ్‌తో ముడిపడిన రసాయనం. మీ ఎస్సిటలోప్రామ్ చేసే పనేమో, ఒక నాడీకణం వదిలిన సెరొటోనిన్‌ను మళ్లీ లోపలికి పీల్చుకోకుండా ఆపడం. తొట్టి అడుగున బిరడా పెట్టి ఉంచారు, ఇప్పుడు పైనుంచి ఇంకో కుళాయి తిప్పుతున్నారు. చాలామందికి ఏమీ కాకపోవచ్చు, అది కూడా నిజమే, అందుకే ‘నేను వేసుకున్నా, ఏం కాలేదు’ అనేవాళ్లు నెట్‌లో బోలెడంత మంది దొరుకుతారు. కానీ అయినప్పుడు దాని పేరు సెరొటోనిన్ సిండ్రోమ్. చేతులు వణకడం, చెమటలు కారడం, విరేచనాలు, గుండె వేగంగా కొట్టుకోవడం, కూర్చోనివ్వని ఆందోళన, కంటిపాపలు పెద్దవవడం. ముదిరితే జ్వరం 40 డిగ్రీలు దాటి కండరాలు బిగుసుకుపోతాయి. మేం క్యాజువాలిటీలో ముందు చూసేది పాదాన్ని పైకి ఒక్కసారి నెట్టి పట్టుకుంటే అది టకటకా దానంతటదే కొట్టుకుంటోందా అని. దాన్ని క్లోనస్ అంటారు. ఈ సిండ్రోమ్‌ని గుర్తుపట్టడానికి 2003లో వచ్చిన హంటర్ ప్రమాణాల్లో అదే ముఖ్యమైన గుర్తు.

కొత్త మందు కలిపినా, డోసు పెంచినా ఇది సాధారణంగా గంటల్లోనే మొదలవుతుంది, చాలా కేసుల్లో ఒక్క రోజు లోపే. వారం తర్వాత వచ్చే తలనొప్పికి దీన్ని అంటగట్టక్కర్లేదు. కానీ కొత్తది వేసుకున్న రోజే వణుకు, చెమటలు, విరేచనాలు కలిసి వస్తే మాత్రం గూగుల్ చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి, డబ్బా కూడా తీసుకెళ్లాలి.

కాబట్టి 5-హెచ్‌టీపీ ఒక్కదాని వల్లే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. మిగతావాటి సంగతి తర్వాత.

డాలస్_బాబాయ్
డాక్టరమ్మ గారు చెప్పినదానికి ఇక్కడి సంగతి కొంచెం జోడిస్తాను. మా ఊళ్లో ఈ డబ్బాలు కిరాణా సామాను కొనేచోటే ఉంటాయి, పాలు, బ్రెడ్డు, పక్క వరుసలో 5-హెచ్‌టీపీ. దీనికి మూలం 1994లో వచ్చిన డీఎస్‌హెచ్‌ఈఏ అనే చట్టం. సప్లిమెంట్‌ని మందులా కాకుండా ఆహారంలో భాగంగా చూస్తారు, కాబట్టి పనిచేస్తుందని అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) దగ్గర ఎవరూ నిరూపించనక్కర్లేదు. ‘ప్రొప్రయిటరీ బ్లెండ్’ అని మొత్తం అంకె ఒక్కటే వేయడం కూడా ఇక్కడ చట్టబద్ధమే. ఆ 900 మి.గ్రా.లో 5-హెచ్‌టీపీ 20 ఉందో 200 ఉందో మీ డాక్టర్ కాదు కదా ఎవరూ చెప్పలేరు.

సెయింట్ జాన్స్ వర్ట్ అని పసుపు పూల మొక్క ఒకటుంది, దాని గురించి కూడా ఇక్కడ చెప్పాలి. డిప్రెషన్‌కి మూలిక అని మా దగ్గర తెగ అమ్ముతారు, ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. అది సెరొటోనిన్ వైపు తోస్తుంది, పైగా కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. 2000లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది ఎందుకంటే, హెచ్ఐవీకి వాడే ఇండినావిర్ అనే మందు రక్తంలో సగానికి పైగా పడిపోయింది దీనివల్ల. గర్భనిరోధక మాత్రలు కూడా పనిచేయకుండా పోతాయి. మా బంధువుల అమ్మాయి సెర్ట్రలీన్ (అదీ యాంటీడిప్రెసెంటే) వాడుతూ ‘టీయే కదా’ అని ఇది కలిసిన టీ తాగుతోంది, డబ్బా మీద అక్షరాలు చదివి నేనే ఆపించాను.

ఆకుపసరు
మీరంతా అమెరికా డబ్బాల గురించి మాట్లాడుతున్నారు, సరే. కానీ బ్రాహ్మి, అశ్వగంధ మన ఋషులిచ్చినవి. మా అమ్మమ్మ సరస్వతి ఆకు పచ్చడి చేసి పెట్టేది, మేమందరం లెక్కలు బాగానే చదివాం. అల్లోపతీ మందు సైడ్ ఎఫెక్ట్‌కి మన ఆకుని తప్పు పట్టడం న్యాయం కాదు.

పీజీ_డాక్టరమ్మ
పచ్చడి మీద నాకు ఏ కేసూ లేదండీ, మా ఇంట్లోనూ చేస్తారు. కానీ క్యాప్సూల్‌లో ఉండేది బోలెడన్ని ఆకుల్ని ఒక చిటికెడుగా మార్చిన సారం. పైగా మన వైపు సరస్వతి ఆకు అని తినేది ఎక్కువగా సెంటెల్లా, డబ్బాలో బ్రాహ్మి పేరుతో ఉండేది బకోపా. అవి వేరువేరు మొక్కలు, కాబట్టి అమ్మమ్మ గారి అనుభవం ఈ డబ్బాకి అన్వయించదు.

బకోపా మీద ల్యాబులో చేసిన పరీక్షల్లో సీవైపీ2సీ19, సీవైపీ3ఏ4 లాంటి కాలేయ ఎంజైముల్ని అది నెమ్మదింపజేసినట్టు కనిపించింది. ఎస్సిటలోప్రామ్‌ని ఒంట్లోంచి పంపేది ముఖ్యంగా ఆ 2సీ19, దానికి సాయంగా 3ఏ4, 2డీ6. పరీక్షనాళికలో జరిగింది మనిషిలో అంతే జరుగుతుందని కాదు. కానీ మనవాళ్లలో ఈ 2సీ19 పుట్టుకతోనే బలహీనంగా ఉన్నవాళ్లు యూరప్ వాళ్లకంటే ఎక్కువ. అలాంటివాళ్లకి 10 మి.గ్రా. మాత్రే ఎక్కువ డోసులా పనిచేస్తుంది. మందు రక్తంలో పెరిగితే గుండె ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగుతుంది, అది గుండె లయ తప్పే ప్రమాదానికి గుర్తు. దీని అన్న లాంటి సిటలోప్రామ్‌కి ఈ కారణంగానే 2011లో ఎఫ్‌డీఏ 40 మి.గ్రా. దాటొద్దని గీత గీసింది, 60 ఏళ్లు దాటినవాళ్లకీ, 2సీ19 బలహీనంగా ఉన్నవాళ్లకీ 20 చాలంది.

ఇక అశ్వగంధ. మత్తు కలిగిస్తుంది, కొందరిలో థైరాయిడ్ హార్మోన్ పెంచుతుంది, కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశం నుంచే రిపోర్టయ్యాయి. డెన్మార్క్ 2023లో నిషేధించింది. నిషేధించేంత ఉందా అంటే నాకు కొంచెం అతిగానే అనిపిస్తుంది. కానీ థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లు టెన్షన్‌కని అశ్వగంధ మొదలుపెట్టి, గుండె దడతో మా ఓపీకి ‘యాంగ్జైటీ పెరిగింది’ అని వస్తుంటారు. థైరాయిడ్ పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఆకుపసరు
సారం వేరు ఆకు వేరు అన్నారు, అది ఒప్పుకుంటాను. మిరియాలు కూడా ప్రమాదమేనా ఇక?

పీజీ_డాక్టరమ్మ
చారులో వేసే మిరియాలు కాదండీ. పైపరిన్ అనే సారం వేరే. పసుపు క్యాప్సూల్స్‌లో, ఇలాంటి మిశ్రమాల్లో దాన్ని కలిపేదే లోపలికి ఎక్కువ పీల్చుకునేలా చేయడానికి. పక్కనున్న మందుని కూడా అలాగే ఎక్కించేస్తుంది. ఫెనిటోయిన్ (మూర్ఛకి), ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ (ఆయాసానికి) మనుషుల రక్తంలో పెరిగినట్టు చూశారు. టెన్షన్‌కీ మైగ్రేన్‌కీ ప్రొప్రనొలాల్ ఎంతమంది వాడతారో మీకు తెలిసే ఉంటుంది.

వాన_చినుకు
కెఫీన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఓసీడీకి ఫ్లువోక్సమిన్ వాడతాను. మొదలుపెట్టిన కొత్తలో సాయంత్రం అలవాటు ప్రకారం ఫిల్టర్ కాఫీ ఒక గ్లాసు తాగితే, తెల్లవారుజామున పాలవాడి బండి చప్పుడు వినేదాకా కళ్లు మూతపడలేదు. చెయ్యి దిండు మీద పెడితే వణుకు తెలుస్తోంది. జబ్బు ముదిరింది అనుకుని ఏడ్చాను కూడా. డాక్టర్ నవ్వి ‘కాఫీ ఎన్నిసార్లు’ అనడిగారు. ఈ మందు కెఫీన్ని విరగ్గొట్టే ఎంజైముని దాదాపు మూసేస్తుందట, మామూలుగా ఐదు గంటల్లో సగానికి తగ్గాల్సిన కెఫీన్ 31 గంటలు పట్టిందని ఒక పరిశోధనలో తేలిందట. అంటే నిన్న పొద్దుటి కాఫీ ఇవాళ మధ్యాహ్నానికి కూడా సగం ఒంట్లోనే. నేను ఇప్పుడు పొద్దున అరగ్లాసుతో సరి.

పీజీ_డాక్టరమ్మ
నిజమే, అది చాలా పక్కాగా నిరూపణ అయిన విషయం. ఎస్సిటలోప్రామ్‌కి ఈ సమస్య లేదు, కాబట్టి కోడర్ గారూ మీ కాఫీకి ఢోకా లేదు. థియానిన్ గురించి కూడా పెద్దగా భయపడక్కర్లేదు.

నిద్రలేని_కోడర్
ఇంత సంగతుందా. థాంక్స్ అండీ. డబ్బా ముట్టుకోను. మరి గింకో? ఇంకోటి, నైట్ షిఫ్ట్ చేసే ఫ్రెండ్ ఒకతను మొడాఫినిల్ వేసుకుంటాడు, ‘ఇది సప్లిమెంట్ కాదు, అసలైన మందు, కాబట్టి సేఫ్’ అంటాడు.

మందులషాపు_మామ
మొడాఫినిల్ షెడ్యూల్ హెచ్ మందు నాయనా, చీటీ లేకుండా అమ్మకూడదు. రాత్రిపూట హాస్టల్ కుర్రాళ్లు వచ్చి ‘అంకుల్ ఆ నిద్రపట్టని మాత్ర’ అంటారు, లేదని పంపించేస్తాను, వాళ్లు వెళ్లి ఇంకెక్కడో తెచ్చుకుంటారు, అది వేరే విషయం. నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకురావడం) లాంటి జబ్బులకి ఇచ్చేది అది. పైన డాక్టరమ్మ చెప్పిన 2సీ19 ఎంజైమునే ఇది అడ్డుకుంటుంది, అంటే నీ ఎస్సిటలోప్రామ్ రక్తంలో పేరుకోవచ్చు. 3ఏ4ని మాత్రం రెచ్చగొడుతుంది, అందుకే గర్భనిరోధక మాత్ర వేసుకునే అమ్మాయిలకి ఇది ఇంకో తలనొప్పి. యాంగ్జైటీ ఉన్నవాడికి మొడాఫినిల్ ఇవ్వడం అంటే కొరివితో తల గోక్కోవడమే.

పీజీ_డాక్టరమ్మ
గింకో గురించి. ఎస్ఎస్ఆర్ఐ మందులు, మీ ఎస్సిటలోప్రామ్ ఆ రకమే, రక్తంలో ప్లేట్‌లెట్లకి అందాల్సిన సెరొటోనిన్‌ని తగ్గిస్తాయి, దాంతో రక్తం గడ్డకట్టే గుణం కొంచెం మందగిస్తుంది. గింకో అదే వైపు తోస్తుందేమోనని అనుమానం ఉంది. సరే, ఇంత చేసి ఉపయోగమేమైనా ఉందా అంటే, అమెరికాలో వయసు మళ్లిన 3,069 మందికి 120 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు, 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా రావడం తగ్గలేదు. లాభం లేనిదానికి చిన్న రిస్కు మాత్రం ఎందుకు?

జిమ్_బ్రో_కేపీహెచ్‌బీ
మెథిలిన్ బ్లూ, ఆ నీలి రంగు మందు? నీళ్లలో చుక్కలు వేసుకుంటే మైండ్ రాకెట్ లెక్క పోతది అని రీల్స్ చూశా.

పీజీ_డాక్టరమ్మ
వద్దు! ఈ పేజీలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. మెథిలిన్ బ్లూ బలమైన ఎంఏఓ నిరోధకం, అంటే సెరొటోనిన్‌ని విరగ్గొట్టే ఎంజైమునే మూసేస్తుంది. ఆపరేషన్ థియేటర్లో దీన్ని ఎక్కించినప్పుడు యాంటీడిప్రెసెంట్ మీద ఉన్న రోగులకి తీవ్రమైన సెరొటోనిన్ సిండ్రోమ్ వచ్చింది, 2011లో ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక ఇచ్చింది. 5-హెచ్‌టీపీ విషయంలో ‘కావచ్చు’ అన్నాను, ఇక్కడ ఆ మాట అనను. లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్‌కి కూడా ఈ గుణమే ఉంది. మొండి టీబీకి ఇస్తారు, కాబట్టి టీబీ డాక్టర్‌కి మీ మానసిక మందు పేరు తప్పకుండా చెప్పాలి, దాచకూడదు.

మందులషాపు_మామ
ఆ దాచడం గురించే నేను రాద్దామనుకుంటున్నా. ఈ విదేశీ డబ్బాలు ఎంతమంది వాడతారు గానీ, నా కౌంటర్ దగ్గర రోజూ చూసేది వేరు. దగ్గుకి సిరప్ ఇవ్వమంటారు, అందులో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. నడుం నొప్పికి ట్రమడాల్ చీటీ తెస్తారు. రెండూ సెరొటోనిన్‌తో ముడిపడినవే. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు స్ట్రిప్పులే పట్టుకెళ్తారు, ఎస్ఎస్ఆర్ఐతో కలిస్తే కడుపులో రక్తస్రావం రిస్కు పెరుగుతుంది. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అంటే ‘బీపీ, షుగర్’ అంటారు, అక్కడితో ఆగిపోతారు. పక్కన అత్తగారు నిలబడి ఉంటే మనసు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నామని ఏ కోడలు చెబుతుంది? అందుకే నేను కాగితం ముక్క, పెన్ను ముందు పెడతాను, రాసిచ్చేయమ్మా అని. రాస్తారు.

రాయలసీమ_రాగి
మామ గారి లాంటి షాపులు అన్నిచోట్లా లేవు. మా నాన్నకి డిప్రెషన్ మందు రాసిన డాక్టర్ మూడు నిమిషాల్లో బయటికి పంపించేశారు. ఏం తింటున్నారు, ఏం వాడుతున్నారు, ఒక్క ప్రశ్న లేదు. ‘డాక్టర్‌ని అడగండి’ అని అందరూ రాస్తారు, అడగనిస్తే కదా.

పీజీ_డాక్టరమ్మ
మా ఓపీలో కూడా ఉదయం వంద మంది దాకా ఉంటారు, కాబట్టి కాదనలేను. ఒక చిట్కా మాత్రం పనిచేస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా వెనకవైపు, విటమిన్లు, లేహ్యాలు, ప్రొటీన్ పౌడరుతో సహా, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుని, కూర్చోగానే ఫోన్ చేతికివ్వండి. ‘ఏమైనా వాడొచ్చా’ అంటే ఊ అనేస్తాం. ఫొటో చూపిస్తే చూడక తప్పదు. ఆయుర్వేద అరిష్టాలు వాడుతుంటే అవీ చూపించండి, వాటిలో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీదే రాసి ఉంటుంది.

మందులషాపు_మామ
మందు వల్ల ఏదైనా తేడా చేసిందనిపిస్తే మనమే రిపోర్టు చేయొచ్చు, ఫార్మకోవిజిలెన్స్ టోల్ ఫ్రీ 1800-180-3024. డాక్టరే అందుబాటులో లేక మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

వాన_చినుకు
కోడర్ గారూ, అసలు మీ మొద్దుతనం ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. సప్లిమెంట్ దేనికి మందు?

పీజీ_డాక్టరమ్మ
సరైన ప్రశ్న. డిప్రెషన్, యాంగ్జైటీలే ఏకాగ్రతని తినేస్తాయి, మూడ్ బాగైనా ఆ ముక్క ఆలస్యంగా కోలుకుంటుంది. మందు వల్ల కూడా కొందరికి అన్నీ ‘చప్పగా’ అనిపిస్తాయి. బీ12 తక్కువైనా ఇలాగే ఉంటుంది. శాకాహారులకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి మరీను. థైరాయిడ్, గురకతో నిద్ర చెడటం, రక్తహీనత కూడా కారణాలే. పెద్దవాళ్లలో ఎస్ఎస్ఆర్ఐ వల్ల సోడియం పడిపోయి అయోమయంగా ఉంటారు, రాయలసీమ_రాగి గారూ మీ నాన్నగారికి ఒకసారి సోడియం చూపించండి. వీటికి రక్తపరీక్ష, డోసు మార్చడం, మాత్ర వేసుకునే వేళ మార్చడం, అవసరమైతే మందే మార్చడం లాంటి దారులున్నాయి. ఒక్కటి మాత్రం చేయకండి, మొద్దుగా ఉందని ఉన్నట్టుండి మాత్ర ఆపేయడం. తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం మొదలవుతుంది, దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోతారు.

జిమ్_బ్రో_కేపీహెచ్‌బీ
ఓకే నా అశ్వగంధ ఆపి ఒకసారి థైరాయిడ్ చూపించుకుంటా. క్రియాటిన్ కూడా ఆపాలా లేక దానికైనా పర్మిషన్ ఉందా 😅

పీజీ_డాక్టరమ్మ
దానికి పాస్ మార్కులే. కొరియాలో 52 మంది ఆడవాళ్లకి ఎస్సిటలోప్రామ్‌తో పాటు కొందరికి క్రియాటిన్, కొందరికి ఉత్తి పొడి ఇచ్చి చూస్తే, క్రియాటిన్ తీసుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు, 2012లో వచ్చింది. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని అందరికీ రాసేయలేం. కిడ్నీ సమస్య, బైపోలార్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. కిడ్నీ పరీక్షకి ముందు క్రియాటిన్ వాడుతున్నట్టు చెప్పండి, రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే అంకె) కొంచెం పెరిగి కనిపిస్తుంది.

నిద్రలేని_కోడర్
అప్‌డేట్. డబ్బా ఫొటో డాక్టర్ గారికి చూపించాను. 5-హెచ్‌టీపీ పేరు చూడగానే వద్దనేశారు. మాత్ర రాత్రికి మార్చారు. థైరాయిడ్ నార్మల్, బీ12 అంచు మీద ఉంది, దానికి మాత్రలు రాశారు. తేడా ఇంకా ఏమీ తెలియలేదు, వచ్చే నెల చూద్దాం అన్నారు.

డబ్బా మా వాడికి తిరిగిచ్చేశాను. వాడుతుంటే నువ్వు కూడా జాగ్రత్త అంటే, ‘నాకు మానసికం ఏం లేదులే, మైగ్రేన్‌కి రాత్రిపూట చిన్న మాత్ర ఒక్కటే’ అన్నాడు.

పీజీ_డాక్టరమ్మ
ఆ మాత్ర పేరు కనుక్కోండి. మైగ్రేన్ రాకుండా రాత్రిపూట తక్కువ డోసులో తరచుగా ఇచ్చేది అమిట్రిప్టిలిన్. అది పాతకాలపు యాంటీడిప్రెసెంటే. చీటీ మీద అలా రాసి ఉండదు కాబట్టి వాడేవాళ్లకి తెలియదు.

నిద్రలేని_కోడర్
అదే అండీ. అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. ఇప్పుడే స్ట్రిప్పు ఫొటో పంపాడు. డబ్బా మూత పెట్టేసి మా డాక్టర్ గారి దగ్గరే అపాయింట్‌మెంట్ అడుగుతున్నాడు.